బానెట్ ఎత్తే ఓనరు ఏమైపోయాడు?

మా వీధిలో ఇప్పుడు ఇంటికో కారుంది. ఆదివారం పొద్దున చూస్తే ఒళ్లంతా నీళ్లు కొట్టి, మెత్తటి గుడ్డ పెట్టి తళతళా తుడిచేవాళ్లే గానీ, బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూసే మనిషి ఒక్కడూ కనిపించడు. ఇంజిన్ ఆయిల్ చూసుకున్నావా అని అడిగితే, అది సర్వీసు సెంటర్ వాళ్లు చూస్తారండీ అంటాడు. పది పన్నెండు లక్షలు పోసి కొన్న బండి కడుపులో ఏముందో తెలియకుండా ఏళ్ల తరబడి ఎలా తిరుగుతారో నాకు మింగుడు పడదు. మా రోజుల్లో ఇలా ఉండేది కాదు.

మాది తెనాలి. మా ఇంట్లో డీజిల్ అంబాసిడర్ ఉండేది. 1489 సీసీ ఇంజిన్, నలభై గుర్రాల బలం కూడా లేదు. ఎక్కి కూర్చుంటే దడదడలో పక్కవాడి మాట వినపడదు, లోడు మీద వారధి ఎక్కించాలంటే గేరు దించాల్సిందే. అయితే బానెట్ ఎత్తితే ఇంజిన్‌కి అటూ ఇటూ కింద నేల కనపడేది. ఏ నట్టుకైనా చెయ్యి పడుతుంది, పానా తిరుగుతుంది. దీని నట్లన్నీ ఇంచీ కొలతవి, మా అన్నయ్య వాళ్ల మహీంద్రా జీపులో ప్యూజో ఇంజిన్‌వి మిల్లీమీటర్లవి. అందుకే మా ఇంట్లో రెండు జతల పానాలుండేవి. ఆ తర్వాత 1994లో సుమో వచ్చింది, 1998లో ఇండికా వచ్చింది, 2000లో క్వాలిస్ వచ్చింది. అన్నీ పాత పద్ధతి మెకానికల్ పంపు బండ్లే. వాటిని ఇంట్లో పెట్టుకున్నవాడు కాస్తో కూస్తో మెకానిక్ అయి తీరేవాడు.

ఎందుకంటే డీజిల్ ఇంజిన్ లెక్క చాలా సూటైనది. స్పార్క్ ప్లగ్గు లేదు, కాయిల్ లేదు, కార్బ్యురేటర్ లేదు. గాలిని ఇరవై రెట్లు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి కాగుతుంది, అందులోకి డీజిల్ కొడితే దానంతటదే అంటుకుంటుంది. కాబట్టి అది మన దగ్గర కోరేవి మూడే: చెత్తా నీళ్లూ లేని డీజిల్, దుమ్ము లేని గాలి, తగ్గని కంప్రెషన్. ఒకసారి స్టార్టయితే దానికి బ్యాటరీతో కూడా పనిలేదు. ఆపాలంటే డ్యాష్‌బోర్డు కింద నాబ్ పట్టుకుని లాగాలి, పంపులో డీజిల్ ఆగుతుంది, ఇంజిన్ ఆగుతుంది. బ్యాటరీ చచ్చిపోతే నలుగురు కుర్రాళ్లు తోస్తే చాలు, ఊరు దాటి వెళ్లిపోయేవాళ్లం.

టాంకులో డీజిల్ అయిపోయినా, ఫిల్టర్ మార్చినా లైనులో ఎయిర్ పట్టేది. ఇప్పుడైతే ఫోన్ తీసి టోయింగ్ బండిని పిలుస్తారు. అప్పుడు ఆ పని పదో తరగతి కుర్రాడికి కూడా వచ్చు. ముందు ఫిల్టర్ నెత్తిన ఉన్న స్క్రూ రెండు చుట్లు వదులు చేయాలి. హ్యాండ్ ప్రైమర్ బొటనవేలితో కొడుతూ ఉంటే స్క్రూ పక్కనుంచి బుసబుసమంటూ నురగ వస్తుంది. కొట్టగా కొట్టగా నురగ తగ్గి, బుడగ లేకుండా తేటగా డీజిల్ కారుతుంది. ప్రైమర్ మీద వేలు తీయకుండానే స్క్రూ బిగించాలి. తర్వాత పంపు దగ్గర ఇదే పని. ఆఖరున నాజిళ్ల దగ్గర పైపు నట్లు కాస్త కాస్త వదిలి, లోపల ఒకరిని సెల్ఫ్ కొట్టమనాలి. ముందు పొడిగా గాలి తన్ని, ఆ తర్వాత చిక్‌చిక్‌మని డీజిల్ చిమ్ముతుంది. ఒక్కొక్క నట్టూ బిగిస్తుంటే ఇంజిన్ ముందు రెండు సిలిండర్ల మీద దగ్గుతుంది, మూడోది అందుకుంటుంది, నాలుగోది కలవగానే ఒక్కసారిగా గొంతు సర్దుకుంటుంది. ఆ తేడా ఒకసారి విన్న చెవి జన్మలో మరచిపోదు.

పొగ చూసి రోగం చెప్పడం కూడా ఇంట్లోనే నేర్చుకున్నాం. నల్లపొగ వస్తే డీజిల్ ఎక్కువవుతోంది లేదా గాలి చాలడం లేదు. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి, అది శుభ్రంగా ఉంటే నాజిల్ కారుతోందేమో చూడాలి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, రింగులో వాల్వ్ గైడులో అరిగాయి, ఇంజిన్ బోరుకొస్తోందన్నమాట. చలిలో స్టార్ట్ చేసినప్పుడు కాస్త తెల్లపొగ మామూలే, హీటర్ ప్లగ్గు ఒకటి చచ్చినా వస్తుంది. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే, గాస్కెట్ పోయినప్పుడు నీళ్లలో బుడగలు వస్తాయి. హీటర్ ప్లగ్గు పరీక్షకైతే పన్నెండు వోల్టుల బల్బు ఒకటి చాలు. ప్లగ్గు వైరు ఊడదీసి, బ్యాటరీ పాజిటివ్ నుంచి బల్బు మీదుగా ప్లగ్గు కొసకు ఆనిస్తే, బల్బు వెలిగితే ప్లగ్గు బాగున్నట్టు, వెలగకపోతే పోయినట్టు. ఇందులో ఏ కంప్యూటరూ లేదు.

టాపెట్లు పట్టడం, అంటే వాల్వుల సందు సరిచేయడం మాత్రం కాస్త ఓపిక పని. ఎనిమిది వాల్వులకు తొమ్మిది లెక్క అనేవాళ్లు. ఎనిమిదో వాల్వు పూర్తిగా దిగి ఉన్నప్పుడు ఒకటోది పట్టాలి, ఏడోది దిగినప్పుడు రెండోది, ఆరోది దిగినప్పుడు మూడోది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. ఫీలర్ గేజ్ రేకు సందులో పెట్టి లాగితే కొంచెం పట్టి పట్టి రావాలి. జారిపోతే సందు ఎక్కువ, ఇరుక్కుంటే తక్కువ. స్క్రూ డ్రైవర్‌తో స్క్రూ కదలకుండా పట్టుకుని పైన లాక్‌నట్ బిగించి, మళ్లీ రేకు లాగి చూడాలి, ఎందుకంటే బిగించేటప్పుడు సందు మారిపోతుంది. మా ఇంట్లో ఆడపిల్లలు కూడా ఈ తొమ్మిది లెక్క చెప్పగలిగేవాళ్లు, నట్లు తిప్పింది మేమైనా వాల్వుల వరస చెప్పింది వాళ్లే.

మన చేతిలో లేని పని వస్తే విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. అక్కడ ఒక్క వీధిలో పంపు పని, పక్క వీధిలో లేత్, ఆ పక్కన క్రాంక్ గ్రైండింగ్, రేడియేటర్ అతుకులు, డైనమో వైండింగ్. ఎవరి విద్య వాళ్లది. పంపు పని చేసే సాయిబు గారి దగ్గరికి నాజిళ్లు విప్పి పట్టుకెళితే మెషిన్‌కి బిగించి హ్యాండిల్ కొట్టి చూపించేవారు. మా పాత ఇంజిన్ల నాజిళ్లు 120 నుంచి 150 బార్ మధ్యలో తెరుచుకుంటాయి. "తుప్పర కొట్టాలి బాబూ, చుక్క రాలకూడదు" అనేవారాయన. చుక్క రాలితే మూతి ఒక్కటే మార్చి, స్ప్రింగు కింద రేకులు వేసి ప్రెషర్ సరిచేసి ఇచ్చేవారు. కల్తీ డీజిల్ పోయించుకుని వచ్చినవాళ్లకు ఆయన దగ్గర చీవాట్లు తప్పేవి కావు. కిరోసిన్ కలిస్తే పంపులో ఎలిమెంట్లకు జిడ్డు చాలక అరిగిపోతాయని అరిగిన ముక్క వెలుతురులో పట్టుకుని గీతలు చూపించేవారు. ఏది పోయిందో కళ్లతో చూసి, దానికే డబ్బిచ్చి వచ్చేవాళ్లం.

ఇప్పుడు ఆ చూపించడమే పోయింది. బానెట్ ఎత్తితే ఇంజిన్ కాదు, దాని మీద నల్లటి ప్లాస్టిక్ మూత కనపడుతుంది. కొన్ని ఖరీదైన కార్లలో డిప్‌స్టిక్ కూడా తీసేశారు, ఆయిల్ ఎంతుందో తెర మీద చూసుకోవాలట. నాజిల్ మూతి ఒక్కటే మార్చే మాట అరుదు, చాలా చోట్ల ఇంజెక్టర్ మొత్తం మార్చాలంటారు. మార్చాక దాని ఒంటి మీద ఉన్న కోడ్‌ని కంప్యూటర్‌కి ఎక్కించాలి. ఆ కంప్యూటర్ ఎక్కువగా కంపెనీ వాళ్ల దగ్గరే ఉంటుంది.

పోయిన ఏడు మా మేనల్లుడి డీజిల్ కారు పికప్ పడిపోయి, ఇంజిన్ లైటు వెలిగింది. సర్వీసు సెంటర్ వాళ్లు లాప్‌టాప్ పెట్టి చూసి, టర్బో మార్చాలి, లక్ష పైన అవుతుందని రాసిచ్చారట. "మామయ్యా, లోన్ పెట్టమంటావా, బండి అమ్మేయమంటావా?" అంటూ దిగాలుగా వచ్చాడు. ముందు బానెట్ ఎత్తరా అన్నాను. వాణ్ణి రేసు ఇవ్వమని చెవి పెట్టి వింటే ఒక పక్క నుంచి స్స్‌మని గాలి పోతోంది. టర్బో నుంచి ఇంజిన్‌కి గాలి తెచ్చే రబ్బరు గొట్టం క్లాంపు కింద చీరుకుపోయి, చుట్టూ ఆయిల్ మసి పట్టి ఉంది. గొట్టం మార్పించి కంప్యూటర్‌లో ఎర్రర్ కోడ్ చెరిపిస్తే బండి ఎప్పటిలా లాగింది. లాప్‌టాప్ అబద్ధం చెప్పలేదు, గాలి ప్రెషర్ తక్కువుందని మాత్రమే అంది. ఎందుకు తక్కువైందో వంగి చూడాల్సిన మనిషి చూడలేదు. నా కోపం అక్కడే. స్క్రీన్ మీద అక్షరాలు చదవడం వచ్చినంత మాత్రాన రిపేరు వచ్చినట్టు కాదు.

ఇది నా ఒక్కడి గోడే అయితే ముసలాడి చాదస్తం అని కొట్టిపారేయొచ్చు. కానీ 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ ఇదే విషయం మీద 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, రోగం కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు దొరకనివ్వడం లేదన్నదే అభియోగం. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి. కానీ ఆటోనగర్‌లో షెడ్డు వేసుకున్న కుర్రాడికి కంపెనీ సాఫ్ట్‌వేరూ, వైరింగ్ పటమూ సరసమైన ధరకు చేతికి రానంతవరకూ అవన్నీ కాగితాల మీది మాటలే.

పాత బండ్ల పొగ సంగతేంటని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒకప్పుడు మన డీజిల్‌లో గంధకం 10,000 పీపీఎం దాకా ఉండేది, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 డీజిల్‌లో అది 10 పీపీఎం. కొత్త ఇంజిన్లు శుభ్రంగా కాలుతున్నాయి, పసిపిల్లల ఊపిరితిత్తులకు అది మేలే. నేను దానికి అడ్డం చెప్పను. కానీ బండిని దాని వయసుతో కొలవడం నాకు నచ్చదు. 2015లో ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు రోడ్డెక్కకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) చెప్పింది. 15 ఏళ్లు నిండిన కారు రీ-రిజిస్ట్రేషన్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి ఏకంగా 5,000 చేశారు. వేళకు ఆయిల్ మార్చి, నాజిళ్లు పట్టించి, పొగ లేకుండా ఉంచుకున్న పాత బండికీ, నాలుగేళ్లకే నల్లపొగ కక్కుతున్న లారీకీ ఒకే చూపు ఎలా చాలుతుంది? సైలెన్సర్ దగ్గర మీటరు పెట్టండి, పొగ చూసి తీర్పు చెప్పండి.

కొత్త కారు కొన్నవాళ్లకు కూడా నేను చెప్పేది ఒకటుంది. ఒక్క హెచ్చరిక ముందు: కొత్త డీజిల్ కార్లలో ఉండే కామన్ రైల్ ఇంజిన్ పైపు నట్లు ఇంట్లో విప్పకండి. అందులో ప్రెషర్ వెయ్యిన్నర బార్ దాటుతుంది, సన్నటి చిమ్ము చర్మం చీల్చి లోపలికి పోతుంది. మా పాత పద్ధతి అక్కడ పనికిరాదు. మిగతావన్నీ మీ చేతిలో పనే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వారానికోసారి డిప్‌స్టిక్ లాగి చూడండి. ఆయిల్ తగ్గితేనే కాదు, పెరిగినా ప్రమాదమే. బీఎస్-6 డీజిల్ కారుని మార్కెట్‌కీ స్కూలుకీ మాత్రమే తిప్పితే సైలెన్సర్‌లోని ఫిల్టర్‌లో మసి కాలక, దాన్ని కాల్చడానికి ఎక్కువగా పోసిన డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. అలాంటి కారుని అప్పుడప్పుడూ హైవే ఎక్కించి ఇరవై నిమిషాలైనా ఆపకుండా నడపాలి. ఈ మాట అమ్మేటప్పుడు ఏ షోరూంలోనైనా చెబుతున్నారా? వానాకాలంలో డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదలండి. ఎయిర్ ఫిల్టర్ మీరే తీసి వెలుతురుకు పట్టి చూడండి. టైమింగ్ బెల్టు బండి అయితే దాని గడువు కిలోమీటర్లు గోడ మీద రాసిపెట్టుకోండి, తెగితే వాల్వులు వంగిపోయి హెడ్ దించాల్సి వస్తుంది. కోడ్‌లు చదివే చిన్న స్కానర్ ఒకటి కొనుక్కోండి, సర్వీసు సెంటర్ మాటకి అది సాక్ష్యంగా ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, బండి కింద దూరినప్పుడు పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. పానా అందివ్వమనండి, నట్టు ఏ వైపు తిప్పితే వదులవుతుందో వాళ్లనే చెప్పమనండి. మా నాన్నగారు మాకు అలాగే నేర్పారు. మనకు తెలియని చోటే ఎదుటివాడు రాసిన బిల్లుకి తలూపుతాం. సర్వీసుకి వెళ్లినప్పుడు పాత పార్టు చూపించమని, ఎందుకు పోయిందో చెప్పమని నిలబడి అడగండి. చూపించనివాడి దగ్గరికి మళ్లీ వెళ్లకండి. డబ్బు మనది, బండి మనది, దాన్ని విప్పి చూసే హక్కు కూడా మనదే.