పాత వాచీ పద్యం: టీకా తాత్పర్యం

పరుగువానికి నొసగుము పాత వాచి,
మాటకారికి ముదుసలి మర్ఫి రేడి
యొకటి, పొదుపరి పిన్నికి నుత్త డబ్బ,
పండుగకు నిమ్ము ధరచీటి పాఱవేసి.

అవతారిక: చర్చిలో క్రిస్మస్ ఫ్రెండ్ చీటీలు తీశాక ఎవరికేమివ్వాలో తోచక కాఫీ మగ్గులూ ఫొటో ఫ్రేములూ కొనే సికింద్రాబాదు జనాన్ని, గురువారం గురువారం జరిగే హైదరాబాదు జుమ్మేరాత్ బజారుకు మళ్లించదలచి కవి ఈ తేటగీతిని చెప్పుచున్నాడు.

ప్రతిపదార్థం: పరుగువానికిన్ = లిఫ్టు వచ్చేలోగా నాలుగుసార్లు బటన్ నొక్కేవాడికి; పాత వాచి = కీ ఇస్తేగాని నడవని హెచ్ఎంటీ చేతి గడియారమును; ఒసగుము = ఇయ్యుము; మాటకారికిన్ = ఎదుటివాడి మాట తానే పూర్తిచేసేవాడికి; ముదుసలి = వాల్వులు గల; మర్ఫి రేడియొకటి = మర్ఫీ రేడియో నొకదానిని; పొదుపరి పిన్నికిన్ = గిఫ్టు కాగితం చిరగకుండా విప్పి పరుపు కింద దాచే పిన్నికి; ఉత్త డబ్బ = బిస్కెట్లు లేని బిస్కెట్ల డబ్బాను; పండుగకున్ = క్రిస్మస్‌కు; ధరచీటి పాఱవేసి = (ఇది వివాదాస్పదము, కింద చూడుడు); ఇమ్ము = ఇయ్యుము.

తాత్పర్యం: మనిషి గుణానికి ఎదురు నిలిచే పాత వస్తువును కానుకగా ఇవ్వాలి. పిన్ని విషయంలో మాత్రం కవి గుణానికి లొంగిపోయాడు. వ్యాఖ్యాత కూడా లొంగుతాడు.

విశేషాలు: హెచ్ఎంటీ వారు జపాను సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టారు; 2016లో ఆ కథ ముగిసింది. రోజూ ఒకసారి నిలబడి కీ ఇవ్వాలి. పరుగువాడు రోజులో నిలబడే క్షణం అదొక్కటే కావచ్చు. అయితే డయలు కొత్త పెళ్లికూతురులా మెరుస్తుంటే అనుమానించాలి. అది మళ్లీ రంగు వేసినదో, మూడు వాచీల ముక్కలు కలిపినదో అయివుంటుంది. గీతలున్నదే మేలు.

మర్ఫీ పుట్టింది 1929లో, ఇంగ్లండులో. స్విచ్చి వేయగానే పలకదు, వాల్వులు వేడెక్కాలి. నోరు విప్పేముందు కాసేపు ఆగడం మాటకారి దీన్ని చూసి నేర్చుకోవాలని కవి ఆశ. ఒకప్పుడు రేడియో వినడానికి పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకునేవారు. మాట్లాడటానికి అలాంటిది పెట్టకపోవడం ప్రభుత్వం చేసిన పొరపాటని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం.

"కొత్త డబ్బ" అని ఒక పాఠాంతరం ఉంది. అది ప్లాస్టిక్ డబ్బాల వ్యాపారులెవరో చొప్పించినది. యతి చెడుతుంది, పిన్ని ముఖం కూడా మారుతుంది. రీడింగ్ పట్టణపు హంట్లీ అండ్ పామర్స్ వారు పండుగ సీజనుకు బొమ్మలు అచ్చువేసిన రేకు డబ్బాల్లో బిస్కెట్లు అమ్మేవారు. బిస్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. డబ్బాలు సూదులు, గుండీలు, మందుచీటీలు మోస్తూ ఇప్పటికీ దొరుకుతున్నాయి.

ఒసగుము, ఇమ్ము అని రెండుసార్లనడం పునరుక్తి కాదా? కాదు. పాతవస్తువు కొన్నవాడు ఇంటికి తెచ్చాక తానే ఉంచుకోబోతాడు. అందుకని కవి రెండోసారి గద్దించాడు.

ఇక ధరచీటి. జుమ్మేరాత్ బజారులో సరుకు నేలమీద గుడ్డ పరిచి పెడతారు, చీటీలుండవు. మన ముఖం చూసి ధర పుడుతుంది. లేని చీటీని పారేయడమెలా? కనుక ఇక్కడ లక్షణార్థమే గ్రాహ్యము: "దీన్ని ఎంతకు బేరమాడానో తెలుసా" అనే ఉపన్యాసమే ధరచీటి.

డాలస్‌లోని అల్లుడికి ఏం పంపాలో కవి చెప్పలేదు, చట్టం చెప్పింది. నూరేళ్లు దాటిన కళావస్తువును మామూలు మనిషి దేశం దాటించరాదని 1972 నాటి పురావస్తు చట్టం. హెచ్ఎంటీకి, మర్ఫీకి ఇంకా ఆ వయసు రాలేదు. తాతగారి తాత నాటి ఇత్తడి దీపం మాత్రం అల్లుడే వచ్చి ఇక్కడ వెలిగించుకోవాలి.