టికెట్ పెట్టండి సామీ!

ఒక చోటు చూడదగ్గదేనని మనవాళ్ళు నమ్మాలంటే దానికి టికెట్ ఉండాలి. మైసూరు ప్యాలెస్ దగ్గర క్యూ కట్టి టికెట్ కొంటారు, చెప్పులు విప్పుతారు, "ఏం రాజులప్పా!" అని నోళ్ళు తెరుస్తారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే వేళకు చోటు దొరకదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య మాత్రం చరిత్ర ఆరుబయటే పడి ఉంది. పైకప్పు లేదు, అద్దాల బీరువాలు లేవు, చాలాచోట్ల అడిగే నాథుడూ లేడు. అందుకే మన ఖాతాలో దాని విలువ సున్నా.

మొన్న సెలవులకు మా బావమరిది బెంగుళూరు నుంచి పిల్లలతో హిందూపురం వచ్చాడు.

"బావా, పిల్లోళ్ళకు ఏదన్నా మ్యూజియం చూపిద్దామా?"

"పెనుకొండ ఉండాది కదప్పా, ఊరంతా మ్యూజియమే."

"టికెట్ ఎంత?"

"ఊరికే."

"ఊరికేనా?" అన్నాడు. సంతలో టమాటాలు ఊరికే ఇస్తామంటే వచ్చే అనుమానం ఆ గొంతులో ఉంది.

ఇదే మనిషి ఆఫీసు పనిమీద లండన్ వెళ్ళి బ్రిటిష్ మ్యూజియం చూసొచ్చాడు. అదీ ఊరికేనే. 1759లో తలుపులు తెరిచిన నాటినుంచీ దాదాపు ఎప్పుడూ వాళ్ళ లెక్క అదే. అక్కడ మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. "మనవి మనకు డబ్బు తీసుకోకుండా చూపిస్తున్నారు బావా, ఎంత పెద్ద మనసో!" అని అప్పట్లో ఫోన్ చేసి మరీ చెప్పాడు. విమానం టికెట్టు కొన్నాడు కాబట్టి ఆ రాళ్ళకు విలువ వచ్చింది.

సరే, చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకుని బయల్దేరాం. ముందు లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. మా బావమరిది జాబితాలోకి మాత్రం ఇంకా ఎక్కలేదు. అతనికి కావాల్సింది వేలాడే స్తంభం. గుడిలో దాదాపు 70 స్తంభాలున్నాయి, అందులో నేలకు పూర్తిగా ఆననిది ఒక్కటే. జనమంతా దాని చుట్టూనే. తుండుగుడ్డలు, చున్నీలు, చివరికి మా పిల్లోడి చేతిరుమాలు, అన్నీ దాని కిందినుంచి అటు దూరి ఇటు వచ్చాయి. కప్పును మోస్తూ నిలబడ్డ మిగతా స్తంభాల వైపు తిరిగి చూసిన పాపాన ఎవడూ పోలేదు. మా ఆఫీసులోనూ ఇంతే.

గుడిని సరిగ్గా చదివింది మా ఇంట్లో ఒక్కరే, నా భార్య. కప్పు మీది చిత్రాలను ఆమె ఓ చూపు చూసి వదిలేసింది. లతా మండపం దగ్గర మాత్రం ఆగిపోయింది. ఒక్కో స్తంభం మీద ఒక్కో నమూనా: తీగలు, పూలు, హంసలు, గళ్ళు. ఒకదాని మీద వేలు పెట్టి, "ఇది మా పెద్దమ్మ పెండ్లిచీర అంచు" అంది. పక్కదాన్ని చూపించి, "ఇది మొన్న మీరు రేటెక్కువని కొననీయనిది" అంది. ధర్మవరం నేతగాళ్ళు ఈ రాళ్ళ మీది నమూనాలనే మగ్గం మీదికి ఎక్కించారని పుస్తకాల్లో ఉంటుంది. ఆమె పుస్తకం చూడలేదు, చీరలు చూసింది. 16వ శతాబ్దపు రాతికీ ఇంట్లో బీరువాకూ సంబంధం తేల్చేసింది.

విరూపణ్ణ కథ మా మామగారు చెప్పారు. ఆయన పెనుకొండలో రాజుగారి కోశాధికారి అట. అనుమతి లేకుండా ఖజానా సొమ్ముతో గుడి కట్టిస్తున్నాడని రాజుకు ఫిర్యాదు వెళ్ళింది. శిక్ష పడేలోపు తన కళ్ళు తానే పీకి గోడకు విసిరేశాడట. ఆ ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. కళ్యాణ మండపం సగంలో ఆగింది. కథో నిజమో గానీ, సీమలో మొదటి ఆడిట్ అభ్యంతరం ఇదే అయ్యుండాలి. ఖజానా సొమ్ము ఖర్చయి, కళ్ళెదుట కట్టడం కూడా ఉన్న కేసు బహుశా ఇదే ఆఖరిది.

మధ్యాహ్నానికి పెనుకొండ. 1565లో రాక్షసతంగడి యుద్ధంలో ఓడాక తిరుమలరాయలు హంపి వదిలి విజయనగర రాజధానిని ఇక్కడికే తెచ్చాడు. తరవాత అది చంద్రగిరికి, అక్కణ్ణుంచి వేలూరుకు పోయింది. రాజధాని ఒకటా మూడా అని కొన్నేళ్ళు కొట్టుకున్న రాష్ట్రంలో నాయకులంతా ఈ విషయంలో అనుభవమున్న ఊరని పెనుకొండకొచ్చి సలహా అడగాల్సింది. ఎవరూ అడగలేదు. 2022లో జిల్లాలు పంచినప్పుడు జిల్లా కేంద్రం మాకే కావాలని హిందూపురం గొంతు చించుకుంది, అది పుట్టపర్తికి వెళ్ళింది. ఒకప్పుడు సామ్రాజ్యానికి రాజధాని అయిన పెనుకొండ రెవెన్యూ డివిజన్ కేంద్రంగా సర్దుకుంది.

గగన్ మహల్ దగ్గర మమ్మల్ని ఎవరూ డబ్బు అడగలేదు. కింద మసీదుల్లో కనిపించే కమానులు, పైన గుడి మీద ఉండాల్సిన శిఖరం. కట్టినవాళ్ళకు లేని పట్టింపు ఇప్పుడు చూసేవాళ్ళకు వచ్చింది. ఇది ఎవరి బాణీ అని ఇద్దరు యాత్రికులు వాదించుకుంటున్నారు. ఇదే ఊళ్ళో బాబయ్య దర్గా ఉంది, పార్శ్వనాథుడి జైన మందిరం ఉంది, షేర్‌ఖాన్ మసీదు ఉంది. వాదన పెట్టుకుంటే సాయంత్రం దాకా సరిపోతుంది.

తిమ్మరుసు చెర ఇదేనని ఇక్కడ చూపిస్తారు. తన కొడుకు చావుకు మహామంత్రే కారణమని అనుమానించి కృష్ణదేవరాయలు ఆయన కళ్ళు తీయించాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టాడు. మా బావమరిది కొడుకు "తిమ్మరుసు ఎవరు తాతా?" అన్నాడు.

"గుమ్మడి" అన్నారు మా మామగారు, తడుముకోకుండా.

"మరి రాయలు?"

"రామారావు గదరా! మన ఎమ్మెల్లే!"

ఆయన చెప్పింది తప్పని ఎలా అంటాం? 'మహామంత్రి తిమ్మరుసు' 1962లో వచ్చింది. అందులో రాయలైన ఎన్టీఆర్ 1985, 1989, 1994లలో హిందూపురం నుంచే గెలిచారు. మా మామ లెక్కన కృష్ణదేవరాయలు ఇక్కడ మూడుసార్లు నామినేషన్ వేశాడు, డిపాజిట్ ఎప్పుడూ పోలేదు.

హైవే ఎక్కితే కియా కార్ల ఫ్యాక్టరీ, కొరియా లిపిలో హోటళ్ళ బోర్డులు. పిల్లలు ఫోన్ పెట్టి ఆ బోర్డులు చదివేశారు. కోటలో రాతి మీది శాసనం దగ్గర మాత్రం ఆ ఫోన్లు చేతులెత్తేశాయి. దాని మీద అర్థమయ్యే తెలుగులో ఉన్నది ఒక్కటే, ఎవరో ప్రేమికుడు మేకుతో గీకిన రెండు పేర్లు, మధ్యలో బాణం. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని చట్టం అంటుంది. బాణం గీసేవాడు చట్టం చదివి రాడు.

ధర్మవరం చేరేసరికి చీకటి పడింది. పొద్దుటినుంచి "ఇంకెంతసేపు?" అంటున్న కుటుంబం పట్టుచీరల కొట్టులో చాప మీద కూర్చున్నాక ఆ మాటే మరిచిపోయింది. కారణం స్పష్టమే. అక్కడ ప్రతి వస్తువుకూ ధర చీటీ ఉంది.

కాబట్టి అధికారులకు నా మనవి: దయచేసి టికెట్ పెట్టండి. తాజ్‌మహల్ దగ్గర విదేశీయులకు ఎక్కువ, మనవాళ్ళకు తక్కువ తీసుకుంటారు. ఇక్కడ తిరగేయండి. వాళ్ళు బోర్డులు చదువుతారు, మనం వాటికి ఆనుకుని సెల్ఫీలు దిగుతాం. హిందూపురంవాళ్ళ దగ్గర అందరికన్నా ఎక్కువ వసూలు చేయండి, బ్లాకులో కొనుక్కునైనా వస్తాం. పేర్లు రాయాలనుకునేవారికి ప్రత్యేక టికెట్ పెట్టి, దాంతోపాటు ఒక పలక, బలపం ఇవ్వండి. వచ్చిన డబ్బుతో ఒక్క శాసనం పక్కనైనా అందులో ఏముందో వాడుక తెలుగులో రాయించండి.

ఆ టికెట్ వచ్చేలోగా వెళ్ళదలిచినవారు పెనుకొండకు పొద్దున్నే వెళ్ళండి. ఎండ ఎక్కాక కొండరాళ్ళు కాలిపోతాయి. తాగేనీళ్ళు మీరే తీసుకెళ్ళండి, ఖాళీ సీసా మళ్ళీ ఇంటికి తెచ్చుకోండి.