సెల్లార్ ఇంజనీరు

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకైనా ఆదివారం పొద్దున్నే దిగి చూడండి. నీళ్ల మోటారు గదికీ లిఫ్టుకీ మధ్య ఒక కారు మూడు చక్రాల మీద నిలబడి ఉంటుంది. నాలుగో చక్రం నేల మీద పడుకుని ఉంటుంది. దాని పక్కనే నిక్కరు తొడుక్కున్న ఒక మనిషీ పడుకుని ఉంటాడు. తల కారు కింద, కాళ్లు బయట. ఆ కాళ్లను పలకరిస్తే "ఒక్క నిమిషం అంకుల్" అంటాయి. ఆ నిమిషం మధ్యాహ్నం భోజనాల వేళకి గానీ పూర్తవదు.

వారానికి ఐదు రోజులు మనవాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాళ్ల వంటింట్లో కుళాయి సంక్రాంతి నుంచీ కారుతోంది. దానికి ప్లంబర్ రావాల్సిందేనట, తెలియని పనుల్లో వేలు పెట్టకూడదట. ట్యూబ్‌లైటు మార్చాలంటే వాచ్‌మన్‌కి కబురు వెళుతుంది. కారు డ్యాష్‌బోర్డు ఊడదీయడానికి మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేదు. యూట్యూబ్‌లో ఒక పోలెండు కుర్రాడు పోలిష్ భాషలో చెప్పిన పాఠం మనవాడికి పూర్తిగా అర్థమవుతుంది. భార్య తెలుగులో చెప్పిన కుళాయి సంగతే చెవికెక్కదు.

కారు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 2013లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. 1.2 లీటర్ల టర్బో ఇంజను, 105 హార్స్‌పవర్, ఏడు గేర్ల ఆటోమేటిక్. చూస్తే డాక్టరుగారి భార్య కూరగాయలకు తీసుకెళ్లే బండి అనిపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే కూరగాయలు వెనక సీట్లోకి వెళతాయి. 2022లో కంపెనీ పోలోను ఇక్కడ ఆపేసింది. ఆ రోజు నుంచీ మనవాడికి అది కారు కాదు, పిత్రార్జితం. "ఇలాంటి బండి ఇక రాదు అంకుల్" అంటాడు. అంత గొప్ప బండిని ఉన్నదున్నట్టు ఉంచుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. అక్కడే మీకూ మనవాడికీ తేడా. పుణె దగ్గర చాకన్ ఫ్యాక్టరీలో తయారైంది చిత్తుప్రతి మాత్రమే. దాన్ని సాఫుగా తిరగరాసే బాధ్యత తన మీద పడిందని అతని నమ్మకం.

ఇతని నాన్నగారు వేరే సంప్రదాయం మనిషి. కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. అప్పట్లో మారుతీ 800 కొన్నప్పుడు సీట్ల మీది పాలిథీన్ కవర్లు తీయనివ్వలేదు. ఎండాకాలం కారెక్కి దిగినవాళ్లకల్లా వీపు మీద చర్మం కాస్త ఆ కవర్లకే మిగిలిపోయేది. కారు అమ్మినరోజు కూడా సీట్లు కొత్తవే. కంపెనీవాడు పెట్టింది తీయకూడదని ఆయన మతం, ఉంచకూడదని కొడుకు మతం. ఆయన మాత్రం తక్కువ తిన్నారా? అంతకుముందున్న చేతక్ స్కూటరుకి స్టెప్నీ కవరు, దాని మీద గులాబీ పువ్వు, ముందు చక్రానికి పెద్ద మడ్‌ఫ్లాపు, నాలుగు అద్దాలు. అసలు మన తెలుగువాళ్లం షోరూం నుంచి బండిని వట్టిగా ఇంటికి తెచ్చుకున్నదెప్పుడు? టైర్ల కింద నిమ్మకాయలు, బంపరుకి నల్లతాడు, డ్యాష్‌బోర్డు మీద వెంకన్న, వెనకద్దం మీద పిల్లల పేర్లు, వాళ్ల పైన అభిమాన హీరో. కొందరు కులం పేరు కూడా రాయించుకుంటారు. దానివల్ల పికప్ పెరిగిన దాఖలా ఇంతవరకూ లేదు.

మనవాడు మాత్రం ఆ స్టిక్కర్ బాపతు కాదు. బండి కింద నీలం లైట్లు వెలిగించే స్విఫ్టువాళ్లను చూస్తే ముఖం తిప్పుకుంటాడు. రాణిగంజ్‌లో దొరికే రెక్కలు తెచ్చి డిక్కీ మీద బిగించడం అతని దృష్టిలో అనాగరికం. తాను చేసే మార్పులు కంపెనీవాడే చేసినట్టు ఉండాలి, ఎవరి కంటికీ ఆనకూడదు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ సెల్లార్‌లోకి పిలుచుకొచ్చి వేలుపెట్టి చూపించాలి.

ఉదాహరణకి జీటీఐ. 2016లో కంపెనీ అసలు సిసలు పోలో జీటీఐని కొద్దిగా తెప్పించింది. 192 హార్స్‌పవర్, రెండే డోర్లు, ధర ఇరవయ్యారు లక్షలకు దగ్గర. అమ్మకానికి పెట్టినవి 99 అని ప్రకటించారు. ఇవాళ హైదరాబాద్ రోడ్ల మీద జీటీఐ అక్షరాలున్న పోలోలను లెక్కపెడితే కంపెనీవాడే ఆశ్చర్యపోతాడు. మనవాడూ గ్రిల్లుకి ఎర్ర గీత గీశాడు, వెనక బ్యాడ్జీ అంటించాడు. అంతటితో ఆగితే బాగుండేది. 1976లో వచ్చిన మొదటి గోల్ఫ్ జీటీఐ సీట్లకి గళ్ల గుడ్డ ఉండేది. గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అనే డిజైనరు దాన్ని ఎంపిక చేసింది. గేరు కర్రకి గోల్ఫ్ బంతి పిడి పెట్టించిందీ ఆవిడే. ఈ చరిత్రంతా చెప్పి మనవాడు అలాంటి గుడ్డ కోసం సికింద్రాబాద్ జనరల్ బజారంతా తిరిగాడు. ఎక్కడా దొరకలేదని దిగులుగా ఇంటికొస్తే, ఫోన్లో బొమ్మ చూసిన వాళ్లమ్మగారు లోపలికెళ్లి నాలుగు మడతలు తెచ్చి ముందు పెట్టారు.

"దీనికోసం సికింద్రాబాద్ దాకా ఎందుకురా? మీ తాతయ్యవి ఉన్నాయి."

చెన్నై లుంగీలు. పాపం, రంగు కూడా దాదాపు అదే.

ఆ సీట్ల సంగతి అలా ఉంచి, వెనక చక్రాల కథ చెప్పాలి. ఈ కారుకి ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ములు. డ్రమ్మంటే గుండ్రటి ఇనుప గిన్నె, తుప్పు రంగు. అలాయ్ చక్రం పుల్లల మధ్యనుంచి ఆ తుప్పు కనబడుతోందని ఇతనికి నెల రోజులు నిద్రలేదు. వేడికి తట్టుకునే ఎర్ర రంగు డబ్బా తెప్పించాడు. జాకీ వేసి, విప్పిన చక్రాన్నే జాగ్రత్తకి కారు అంచు కిందకి తోశాడు. జాకీ జారినా కారు మీద పడదు, ఆ తెలివి ఉంది. ఇనుప బ్రష్షుతో గంటసేపు తుప్పు గీకి, టిన్నరుతో తుడిచి, చుట్టూ పేపరు అంటించి, పొర మీద పొర కొట్టాడు. ఆరేదాకా పక్కనే కూర్చున్నాడు. తీరా చక్రం ఎక్కించేటప్పుడు వచ్చింది తంటా. మన మారుతీలకైతే హబ్బుకే బోల్టులు పొడుచుకుని ఉంటాయి, చక్రం తగిలించి నట్టు తిప్పితే సరి. ఈ జర్మనీవాడు హబ్బుకి చిల్లులు మాత్రమే ఇచ్చాడు. చక్రాన్ని రెండు పాదాల మీద మోస్తూ, చిల్లుకి చిల్లు కలిపి, మూడో చేత్తో బోల్టు దూర్చాలి. ఆ మూడో చెయ్యి వాచ్‌మన్‌ది. టార్చి పట్టుకోవడం, స్పానర్లు అందించడం అతని జీతంలో లేవు గానీ అలవాటైపోయాయి. ఇప్పుడు పది నంబరు స్పానరు అడిగితే చూడకుండా తీసిస్తాడు. అది దొరికిన రోజున.

అంత చేసిన ఎర్ర డ్రమ్ములు కారు నిలబడి ఉంటేనే కనబడతాయి. స్పోర్ట్స్ కారుకి అదొక వింత.

తలుపుల పని ఇంకో రెండు ఆదివారాలు తిన్నది. రోడ్డు చప్పుడు లోపలికి రాకుండా తలుపు రేకు మీద రబ్బరు షీట్లు అంటించాలి. అందుకు లోపలి అట్ట ఊడదీయాలి. దాన్ని పట్టి ఉంచేవి ప్లాస్టిక్ క్లిప్పులు. ఊడదీస్తే సగం విరుగుతాయి, మిగతా సగం ఎగిరి ఎక్కడో పడతాయి. అన్నీ బిగించాక మూడు స్క్రూలు మిగిలాయి. మీరూ నేనూ అయితే కంగారుపడతాం. మనవాడు వాటిని చూసి, "ఇవి లేకుండానే గట్టిగా ఉందంటే కంపెనీవాడు దండగకి పెట్టాడన్నమాట" అని హార్లిక్స్ సీసాలో వేశాడు. ఆ సీసా చాలావరకు నిండింది. బండి బరువు తగ్గితే వేగం పెరుగుతుందట.

ఇక స్టీరింగు కింద ఒక సాకెట్టు ఉంటుంది. మెకానిక్కులు కంప్యూటరు తగిలించి జబ్బు కనుక్కునేది. దానికి అగ్గిపెట్టెంత డాంగిల్ తగిలించి, ఫోన్లోంచి కారు మెదడుతో మాట్లాడొచ్చు. ఒక రాత్రి రెండింటిదాకా మాట్లాడి మనవాడు సాధించిందేమిటంటే, తాళం తిప్పగానే స్పీడోమీటరు ముల్లు, దాని పక్క ముల్లు చివరిదాకా వెళ్లి తిరిగి సున్నాకి వస్తాయి. అంతే. దానివల్ల ప్రయోజనం? అది అడిగినవాళ్లు సెల్లార్‌కి రావద్దు. తెల్లారగానే భార్యను కిందికి పిలిచి చూపించాడు. ఆఫీసుకి తయారై ఉన్న ఆ అమ్మాయి చూసింది.

"వెళ్లొచ్చాయిగా. ఇక మనం వెళ్దామా?"

ఇంట్లో చెయ్యడానికి కుదరనిది ఒక్కటే, ఇంజను రీమ్యాప్. దానికి బెంగళూరు నుంచి ల్యాప్‌టాప్‌తో ఒకాయన వస్తాడు. మొదటి మెట్టులో ఇనుము ఏదీ మారదు. టర్బో ఎంత గాలి నెట్టాలి, ఎంత పెట్రోలు చిమ్మాలి, నిప్పురవ్వ ఎప్పుడు పడాలి అనే లెక్కలు మారతాయి. రెండో మెట్టుకి గాలి వచ్చే దారీ పొగ పోయే దారీ కూడా మార్చాలి. మొదటి మెట్టుకే 130 దాటిందని మనవాడి లెక్క. వారంటీ పోతుంది, సర్వీసు సెంటరువాడు కంప్యూటరు తగిలిస్తే దొంగతనం బయటపడుతుంది. అదీ తెలుసు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపినందుకు ప్రభుత్వం మీద అతని కోపం వేరే వ్యాసం. ఇంతకీ ఆ అదనపు పాతిక గుర్రాలూ ఏం చేస్తున్నాయంటారా? రోజూ పొద్దున తొమ్మిదింటికి కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర పాత నూటయిదింటితో కలిసి నిలబడి ఉంటున్నాయి.

చట్టం తెలియక చేస్తున్నాడనుకోకండి, మనకంటే బాగా తెలుసు. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. అదే ఏడు మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. ఒక్కింటికి అన్న మాట దగ్గర మనవాడు లెక్క ఆపేస్తాడు. విశాఖలో పోలీసులు బైకుల సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద నలిపించిన వీడియో చూసిన రోజు అతను అన్నం తినలేదు. ఒకసారి ట్రాఫిక్ ఎస్సై ఆపనే ఆపాడు. పక్క సీట్లో నేనున్నాను.

"గీ రెండో గొట్టం ఏంది?"

"అది ఉత్తదే సార్. పొగ రాదు."

"ఉత్తదైతే ఎందుకు పెట్టినవ్?"

"ఒకవైపే ఉంటే బాగోదని సార్."

ఎస్సై బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎర్ర గీత, ఎర్ర డ్రమ్ములు, గళ్ల సీట్లు, అన్నీ చూశాడు. ఏమీ అనలేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ అడిగాడు. దాని గడువు అంతకుముందు వారమే తీరిపోయింది. చలానా దానికే పడింది.

స్ప్రింగులు మార్చి బండిని ముప్ఫై అయిదు మిల్లీమీటర్లు కిందికి దించడం మాత్రం ఇంటిల్లిపాదీ అనుభవించారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మన ఊళ్లలో దాని ఎత్తు ఆ రోజు ఎంత సిమెంటు మిగిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది. దసరాకి తెనాలి పక్క పల్లెలో అత్తవారింటికి వెళ్లినప్పుడు, ఊరి పొలిమేర నుంచీ ప్రతి మిట్ట దగ్గరా భార్య, తల్లి, తండ్రి దిగడం, మనవాడు బండిని ఏటవాలుగా అంగుళం అంగుళం దాటించడం, వాళ్లు నడిచొచ్చి మళ్లీ ఎక్కడం. రామాలయం దగ్గర మిట్ట వచ్చేసరికి పెద్దాయన ఎక్కనన్నారు. నడిచి, కారు కన్నా ముందే వియ్యంకుడి అరుగు మీదికి చేరి మజ్జిగ తాగుతూ కూర్చున్నారు. తిరుగు ప్రయాణంలో అత్తగారు బియ్యం బస్తా, గోంగూర జాడీ తెచ్చి డిక్కీ తెరిపించారు. డిక్కీ నిండా సబ్‌వూఫర్.

"అల్లుడుగారూ, ఈ పెట్టె ఇక్కడ దింపేసి వెళ్లండి. మళ్లీ వచ్చినప్పుడు తీసుకెళుదురుగాని."

బస్తా భార్య ఒళ్లో ప్రయాణం చేసింది.

ఇంత చెప్పినా, నాకితని మీద కోపం లేదు. చేతికి గ్రీజు అంటితే లోకం ఆఖరైపోయినట్టు చూసే తరంలో, సాయంత్రానికి గోళ్లు నల్లబడితే ముఖం వెలిగే మనిషి ఇతనొక్కడే. మా పాత కారు బ్యాటరీ పడుకున్నప్పుడు మెకానిక్ రేపొస్తానన్నాడు, ఇతను నిమిషాల్లో వైర్లు తెచ్చి లేపాడు. బోనెట్ ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండి, ఎయిర్ ఫిల్టరు మార్చమని అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. ఫీజు అనుకుని విన్నాను.

కిందటేడు కొడుకు పుట్టాడు. స్ట్రోలరు డిక్కీలో పట్టలేదు. పెద్ద బండి కొనక తప్పదన్నారు, పోలోను అమ్మకానికి పెట్టారు. అప్పుడు బయటపడింది అసలు రహస్యం. ఊడదీసిన కంపెనీ వస్తువు ఒక్కటీ పారేయలేదు. అసలు సైలెన్సరు, అసలు స్ప్రింగులు, సీటు గుడ్డలు, బ్యాడ్జీ, అన్నీ ఆవకాయ జాడీల వెనక అటక మీద, గుడ్డల్లో చుట్టి, మీద మార్కరుతో పేర్లు రాసి. ఏళ్ల తరబడి పెట్టిందంతా కొన్ని ఆదివారాల్లో తీసేసి, తీసిందంతా మళ్లీ పెట్టాడు. ఎందుకంటే పాత కారు కొనేవాడికి పక్కవాడి సృజన అక్కర్లేదు. బెంగళూరాయన వచ్చి పాత లెక్కలు ఎక్కించి వెళ్లాడు, దానికీ డబ్బు తీసుకున్నాడు. చివరికి మనవాడు ఇచ్చిన ప్రకటన ఇది: "ఫస్ట్ ఓనర్. ఫ్యామిలీ వాడకం. ఎలాంటి మార్పులూ లేవు. కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది."

మీలో ఎవరైనా సెకండ్ హ్యాండ్ పోలో కొనబోతుంటే ఒక మాట. వెనక చక్రం సందులోంచి టార్చి వేసి చూడండి. వేడికి తట్టుకునే రంగు అంత సులువుగా పోదు. డ్రమ్ము అంచున ఎరుపు కనబడితే బేరం ఒక యాభైవేలు కింద మొదలుపెట్టండి, తలుపుల స్క్రూలు లెక్కపెట్టుకోండి. కొనడం మాత్రం మానకండి. ఇంజనాయిలు అంత వేళకి మార్చినవాడు మీకు మళ్లీ దొరకడు.