కాటా చీటీలు అచ్చేసేదాన్ని

నేను డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ను. నా తలలో తొమ్మిది సూదులున్నాయి. అవి రిబ్బన్ మీద కొడితే కాగితం మీద చుక్కలు పడతాయి, చుక్కలు కలిసి అక్షరమవుతుంది. ఆ దెబ్బ కార్బన్ కింది కాగితాలకూ తగులుతుంది కాబట్టి రైతుకొకటి, మిల్లుకొకటి, లారీకొకటి ఒక్కసారే ఇవ్వగలను. ఆళ్లగడ్డ రైస్ మిల్లులో కాటా పక్క గదిలో ఉంటాను. నాచేత రాయించేది నంద్యాలలో ఒక కుటుంబం తయారుచేసిన సాఫ్ట్‌వేర్. రైస్ మిల్లులకు తప్ప వాళ్లు ఇంకెవరికీ పనిచేయరు.

ఆ ఇంటి పెద్దాయన ఒకప్పుడు మిల్లు గుమాస్తా. కొడుకు ఎంసీఏ చదివాడు. కోడలు ఫోన్లో మిల్లులవాళ్ల సందేహాలు తీరుస్తుంది. ఇలాంటి తండ్రీకొడుకులు ముందూ ఉన్నారు. బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా తన వ్యాపారం లెక్కలకు సరిపడే ప్రోగ్రాం దొరక్క కొడుకు భరత్‌నే రాయమన్నారు. 1986లో అలా మొదలైందే తర్వాత ట్యాలీ అయింది. బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి బీపీటీ 5204 వరి విడుదలైందీ ఆ ఏడే. కేసీ కాలువ కింద పండి నంద్యాల సోనాగా పేరుపడ్డ ఆ బియ్యమే ఈ ఇంటికి కూడు పెడుతోంది.

అన్ని వ్యాపారాలకూ పనికొచ్చే ఖాతా లెక్క మిల్లుకు చాలదు. క్వింటా వడ్లు ఆడిస్తే క్వింటా బియ్యం రావు. ప్రభుత్వం ఇచ్చిన వడ్లకు పచ్చి బియ్యమైతే క్వింటాకు 67 కిలోలు అప్పజెప్పాలి. తవుడు నూనె ఫ్యాక్టరీకి, ఊక బాయిలర్లకు, నూకలు మరొకరికి. కొన్న సరుకు ఒకటి, అమ్మేవి నాలుగు.

అన్నిటికన్నా చిక్కు తరుగు. తేమ, తాలు, మట్టి అంటూ తూకంలోంచి కోసేది. రైతు మనసు కష్టపడేది అక్కడే. తరుగును దేనికెంతో విడివిడిగా, తెలుగులో అచ్చేయాలన్నారు పెద్దాయన.

"ఇంగ్లీషులో అయితే గబాన వస్తాది నాయనా" అన్నాడు కొడుకు.

"తీసేది ఆయప్ప ఒడ్లు. ఎందుకు తీసినారో ఆయప్ప చదువుకోవద్దా?"

ఇంగ్లీషు అక్షరాలు నాలోనే ఉన్నాయి, తెలుగువి లేవు. గుణింతాలూ ఒత్తులూ బొమ్మలు గీసినట్టు చుక్క చుక్కగా నాకు పంపాలి. కొడుకు ఓపిగ్గా కూర్చుని ఆ పని సాధించాడు. తెలుగు చీటీకి నా తల ఎక్కువసార్లు అటూ ఇటూ తిరగాలి, చప్పుడూ ఎక్కువే. నాకిష్టమైన పని మాత్రం అదే. ఒక రైతు తాలు ఎక్కువ రాశారని చీటీ పట్టుకుని నిలదీశాడు. కాటా దగ్గరే వడ్లు మళ్లీ తూర్పారబట్టి చూశారు, తరుగు తగ్గింది. కొత్త చీటీ నేనే అచ్చేశాను.

2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకూ ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. అంతకు మించితే లేదు. దాంతో 26 కిలోల బస్తా వచ్చింది. సంచుల నిల్వ, ధర, లారీ లోడు అన్నీ మారిపోయాయి. పెద్దాయన మిల్లులన్నీ తిరిగి అడిగారు, కొడుకు ప్రోగ్రాం మార్చాడు, కోడలు ఫోన్లో నేర్పింది.

ఇప్పుడామె అదే చీటీని రైతు ఫోనుకు పంపే ఏర్పాటు చేస్తోంది. తరుగు పై వరుసలోనే కనిపించాలని మామ పట్టు. ఖరీఫ్ వడ్లు కాటాకెక్కేలోగా అది తేలాలి.