నాలుకకెక్కని నౌపడ ఉప్పు

సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరుల నుంచి మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దిగే కుర్రాళ్లలో ఈమధ్య కొత్తరకం పండితుడు తయారయ్యాడు. వెనకటి పండితుడు పంచాంగం విప్పేవాడు, ఇతను సీసా విప్పుతాడు. విప్పి వెంటనే తాగడు. గ్లాసుని లైటుకి అడ్డంపెట్టి రంగు చూస్తాడు, మూడుసార్లు తిప్పుతాడు, ముక్కు ముంచి కళ్లు మూస్తాడు. తర్వాత ఫలశ్రుతి: "ముందు నారింజ తొక్క, వెనకాల దేవదారు, ఆఖర్న కాస్త జీడిపప్పు." ఆ జీడిపప్పు పలాసది. అతని మోచేతి పక్కన పళ్లెంలోనే ఉంది.

తాగినవాడు తాగానని చెబితే నాకే పేచీ లేదు. తాగడాన్ని తపస్సు చేసి, లోకంలోని రుచులన్నీ నా నాలుకకి తెలుసనడం దగ్గరే పేచీ.

జర్మనీలో గోజె అని ఒక పుల్లటి బీరు ఉంది. గోస్లార్‌లో పుట్టి, లైప్‌జిగ్‌లో పేరు తెచ్చుకుని, 1960లలో అంతరించి, 1980లలో మళ్లీ లేచింది. తర్వాత అమెరికా క్రాఫ్ట్ బీరువాళ్లు దాన్ని నెత్తికెత్తుకున్నారు. అందులో వేసేవి ధనియాలు, ఉప్పు. పులుపు ఎలాగూ ఉంది. మా అమ్మమ్మ అయితే దీన్ని చారు అనేది. పండితుడు మాత్రం ఆ చిటికెడు ఉప్పు మీద పది నిమిషాలు ఉపన్యసిస్తాడు. సముద్రపు ఉప్పట, నాలుక అంచున తగులుతుందట.

ఇతను పుట్టింది సంతబొమ్మాళి మండలంలో. నౌపడ ఉప్పు మడులు చూస్తూ పెరిగినవాడే. ఉప్పునీటిని మడి నుంచి మడికి మళ్లిస్తూ ఎండకి చిక్కబరిస్తే, చిక్కదనం కొలిచే బోమే మీటరు 25 డిగ్రీలు చూపే వేళకి గింజ కట్టడం మొదలవుతుంది. ఎండ ఎంత మండితే అంత పంట. మధ్యలో ఒక్క అకాలవాన పడిందా, పడ్డ కష్టమంతా కరిగి నీళ్లపాలు. మడిలో దిగి ఉప్పు లాగేవాళ్ల పాదాల పగుళ్లలో ఆ ఉప్పు ఎక్కడెక్కడ తగులుతుందో రుచి చూసి చెప్పే పండితుణ్ణి నేనింకా చూడలేదు. గట్టు మీద పెద్దాయన ఎవరికైనా గోజె సంగతి చెబితే ఏమంటాడో ఊహించగలను: "ఏటి బాబూ, ఉప్పేసిన నీళ్లకి అయిదొందలా?"

ఇక ఇండియా పేల్ ఏల్ పురాణం. నెలల తరబడి ఓడ ప్రయాణం తట్టుకోవాలని ఇంగ్లండువాళ్లు హాప్స్ అనే చేదు పూలు దండిగా దట్టించి, మన దేశం కోసమే దాన్ని కనిపెట్టారట. ఈ కథ చెప్పేటప్పుడు పండితుడి గొంతులో కొంచెం దేశభక్తి కూడా పలుకుతుంది. నిజానికి ఇండియాకి బీరు అంతకుముందు నుంచే వస్తోంది. నల్లటి పోర్టరూ అదే సముద్రం దాటి వచ్చింది, చెడిపోకుండానే. ఇండియాకి పేల్ ఏల్ పంపి పేరు తెచ్చుకున్నది లండన్ పక్కన బో అనే చోట బీరు బట్టీ ఉన్న జార్జ్ హాడ్జ్‌సన్ అనే ఆసామి. ఈస్టిండియా కంపెనీ ఓడల రేవు అక్కడికి దగ్గర. పైగా అతను ఓడ కెప్టెన్లకి 18 నెలల దాకా అరువిచ్చేవాడు. ఇంత రుచి చరిత్రా తవ్వితే అడుగున దొరికింది ఖాతా పుస్తకం. టెక్కలిలో ఏ కిరాణా కొట్టాయనైనా ఈ రహస్యం ఊరికే చెబుతాడు.

"కొత్త బీర్లు వెతుక్కుంటూ తిరగడం నా అభిరుచి" అంటాడు. ఆ పని అభిరుచి అనే పేరు లేకుండా చేసినవాళ్లు మన జిల్లాలో బోలెడుమంది. 2019 అక్టోబరు 1 నుంచి అయిదేళ్లు మద్యం దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. కౌంటర్లో ఏది ఉంటే అదే బ్రాండు. బూమ్ బూమ్ అనే బీరు ఇంటింటి మాటయింది ఆ రోజుల్లోనే. 2020 మేలో రెండు రోజుల తేడాతో ధర 75 శాతం పెరిగింది. రణస్థలం మండలం బంటుపల్లిలో యునైటెడ్ బ్రూవరీస్ ఫ్యాక్టరీ పెట్టుకుని, పేరు తెలిసిన బీరు కోసం ఒడిశా వైపు చూసిన జిల్లా మనది. నౌపడలో గుణుపురం రైలెక్కితే పాతపట్నం దాటగానే పర్లాకిమిడి. 1900లో ఆ లైను వేయించిన పర్లాకిమిడి రాజావారు ఈ ప్రయోజనం ఊహించి ఉండరు. సరిహద్దు దాటి సీసాలు తెచ్చి దొరికిపోయినవాడికి ఎక్సైజు కేసు, పబ్బు దాటి పబ్బు తిరిగినవాడికి ఎక్స్‌ప్లోరర్ బిరుదు.

కల్లు మాటెత్తితే ఈ ఎక్స్‌ప్లోరర్ ముఖం చిట్లించి హైజీన్ అంటాడు. బెల్జియంలో లాంబిక్ బీరుకి గాలిలోని ఈస్టు వచ్చి వాలాలని వెడల్పాటి తొట్టెలో పోసి రాత్రంతా తెరిచే ఉంచుతారు. అది మాత్రం సంప్రదాయం! (అలాగని కల్లుని అమృతం చేయబోవడం లేదు. మత్తుమందు కలిపిన కల్లు తాగి హైదరాబాద్‌లో మనుషులు పోయిన వార్త 2025లో కూడా చదివాం.)

బీరులో తొంభై శాతానికి పైగా నీళ్లే. ఇంగ్లండులో బర్టన్ ఊరి నీళ్లలో జిప్సం ఎంతో పండితుడికి కంఠతా వచ్చు. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు బోరు నీళ్ల గురించి అడగండి, క్యాన్ వాటర్ కొనుక్కోమంటాడు. ఈ ఉద్దానం పల్లెల్లో ఇంతమంది మూత్రపిండాలు ఎందుకు చెడుతున్నాయో పరిశోధకులు ఇప్పటికీ ఒక్క మాట మీదికి రాలేదు. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో నీళ్లు తేవడానికి దాదాపు 700 కోట్లు ఖర్చుపెట్టారు. 2023 డిసెంబరులో ఆ పథకంతో పాటు పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రినీ ప్రారంభించారు.

అలాంటి చోట కూర్చుని మనవాడు మూడో గ్లాసు దగ్గర ఆరోగ్యశాస్త్రంలోకి దిగుతాడు: "బీరు తాగితే కిడ్నీలో రాళ్లు కొట్టుకుపోతాయి." తెలుగునాట మందు సభల్లో దీనికున్నంత ప్రచారం ఏ వైద్యానికీ లేదు. మద్యం ఒంట్లో నీరు లాగేస్తుంది. రాళ్లున్నవాళ్లని డాక్టర్లు తాగమనేది మంచినీళ్లు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకైతే ఆ మంచినీళ్లకీ రోజుకింత అని కొలత ఉంటుంది. పలాస ఆస్పత్రి వరండాలో నిలబడి పండితుడు ఈ సిద్ధాంతం ఒక్కసారి వినిపించాలని నా కోరిక. పరుగుకి పనికొచ్చే బూట్లు మాత్రం వేసుకెళ్లమనండి.