కుందేటికి మూడే కాళ్లని శాసించిన పార్లమెంటు

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించే మనిషిని తెలుగువారు సామెతలో పెట్టి తరతరాలుగా నవ్వుకుంటున్నారు గానీ, ఆ వాదనను ఉభయ సభల్లో చర్చకు పెట్టి, దాదాపు సవరణలన్నిటినీ తోసిపుచ్చి, రాజుగారి ఆమోదముద్ర వేయించి, నాలుగో కాలు కళ్లారా చూసిన న్యాయమూర్తి సైతం మూడనే రాయాలని కట్టడి చేసే దాకా తీసుకుపోయిన ఘనత బ్రిటిష్ పార్లమెంటుదే. 2024 ఏప్రిల్ 25న అమల్లోకి వచ్చిన రువాండా భద్రత చట్టం రెండో సెక్షన్ సారాంశం ఏమిటంటే, హోం మంత్రి గానీ, వలస అధికారి గానీ, కోర్టు గానీ, నిర్ణయం తీసుకునే వారెవరైనా సరే రువాండాను సురక్షితమైన దేశంగా తిరుగులేకుండా పరిగణించి తీరాలి. చట్టమనేది మనుషులు ఏం చేయాలో, ఏం చేయరాదో చెప్పేదని ఇంతకాలం న్యాయశాస్త్ర విద్యార్థులు చదువుకున్నారు. మరొక ఖండంలోని మరొక దేశం ఎలా ఉందో కూడా అది చెప్పగలదని, చెప్పాక ఆ దేశం అలాగే ఉన్నట్టు లెక్క అని వెస్ట్‌మిన్‌స్టర్ వారికి కొత్త పాఠం చెప్పింది.

ఈ కుందేలు చిక్కిన వైనం 2022 ఏప్రిల్ 14న మొదలవుతుంది. చిన్న పడవల్లో ఇంగ్లిష్ చానెల్ దాటి వచ్చి శరణు కోరేవారిని విమానమెక్కించి, ఆరువేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న రువాండాకు పంపుతామని, వారి దరఖాస్తులను అక్కడి ప్రభుత్వమే పరిశీలిస్తుందని, శరణార్థులుగా తేలినవారు కూడా అక్కడే ఉండిపోవాలని నాటి ప్రధాని బోరిస్ జాన్సన్ ప్రకటించారు. దీనికి పెట్టిన పేరు ‘వలస, ఆర్థికాభివృద్ధి భాగస్వామ్యం’. మనుషులను తీసుకున్నందుకు డబ్బు ఇచ్చే ఏర్పాటుకు ఇంత శుభప్రదమైన పేరు పెట్టడం కూడా ఒక విద్యే. ఈ ప్రకటన విని పడవలవాళ్లు హడలిపోయి ఫ్రాన్స్ ఒడ్డునే ఆగిపోతారన్నది అంచనా. తీరా చూస్తే, అదే 2022లో చానెల్ దాటి వచ్చినవారు 45,755 మంది, అంటే లెక్కలు మొదలయ్యాక అప్పటిదాకా ఏ సంవత్సరమూ రానంత మంది.

చట్టం పక్కనే నిలిచే మరొక పత్రాన్ని చూస్తే తప్ప ఇందులోని చమత్కారం పూర్తిగా బోధపడదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత, యూదులను, ఇతర నిరాశ్రయులను ఎన్నో దేశాలు సరిహద్దుల దగ్గరే వెనక్కి తిప్పిన పాపం ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో, 1951 జులై 28న జెనీవాలో శరణార్థుల ఒడంబడిక కుదిరింది; దాన్ని రాయడంలో చెయ్యి ఉన్న దేశాల్లో బ్రిటన్ ఒకటి. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం, ఈ అయిదింటిలో దేనివల్లనైనా తన దేశంలో హింసకు గురవుతానన్న సహేతుకమైన భయంతో దేశం విడిచిన మనిషి శరణార్థి అని అది నిర్వచించింది. అలాంటి మనిషిని ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి తిప్పి నెట్టకూడదన్నది దాని 33వ అధికరణం. నేరుగా అక్కడికే పంపడం ఎంత తప్పో, అక్కడికి పంపగల మరొకరి చేతిలో పెట్టడమూ అంతే తప్పు. ఈ నిర్మాణమంతా నిలబడిన పునాది ఒక్కటే, అది ముప్పు నిజంగా ఉందా లేదా అన్న పరిశీలన. సాక్ష్యం చూడకుండా, మనిషిని వినకుండా, ఆ దేశం పరిస్థితి తెలుసుకోకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి వీలు లేదు. ఆ జవాబును ముందే చట్టంలో అచ్చు వేసేస్తే ఒడంబడికను చింపకుండానే దాని ప్రాణం తీసినట్టవుతుంది. ఆ ఒడంబడిక అంతర్జాతీయంగా అమల్లోకి వచ్చింది 1954 ఏప్రిల్ 22న. రువాండా బిల్లుపై లార్డ్స్ సభ పట్టు సడలించి దారి వదిలింది 2024 ఏప్రిల్ 22 రాత్రి పొద్దుపోయాక. డెబ్బయ్యేళ్ల పండుగను ఇంత నిష్ఠగా జరుపుకొన్న దేశం మరొకటి ఉండదు.

ఇష్టం లేని ఒడంబడిక నుంచి బయటికి పోవడానికి దారి లేకపోలేదు. 44వ అధికరణం ప్రకారం ఏ దేశమైనా నోటీసు ఇస్తే ఏడాది తరువాత దాని బాధ్యత తీరిపోతుంది. అయితే ఆ పని చేస్తే మాట తప్పామని ప్రపంచం ముందు ఒప్పుకున్నట్టవుతుంది. ఒప్పుకోవడం కంటే కాళ్ల లెక్క మార్చడం సులువు.

న్యాయస్థానాలు మాత్రం కాళ్లు లెక్కపెట్టే పాత అలవాటును వదులుకోలేదు. 2022 జూన్ 14న విల్ట్‌షైర్‌లోని బాస్కమ్ డౌన్ సైనిక స్థావరంలో ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానాన్ని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆపింది. హైకోర్టు ప్రభుత్వం వైపు, అప్పీలు కోర్టు మెజారిటీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా మొగ్గాక, 2023 నవంబర్ 15న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఈ పథకం చెల్లదన్నారు. కారణాలు ఊహించి రాసినవి కావు. అఫ్గానిస్తాన్, సిరియా, యెమెన్ వంటి యుద్ధ దేశాల నుంచి వచ్చినవారి దరఖాస్తులను రువాండా ఒక దశలో నూటికి నూరూ తిరస్కరించిందని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ సాక్ష్యం చూపింది. ఇజ్రాయెల్‌తో అంతకుముందు చేసుకున్న ఇలాంటి ఒప్పందంలో, వచ్చినవారిని రువాండా గుట్టుగా ఉగాండా సరిహద్దు దాటించిందని తేలింది. 2018లో ఆహారం కోతపై నిరసన తెలిపిన కాంగో శరణార్థులపై పోలీసులు కాల్పులు జరిపి పన్నెండు మందికి తక్కువ కాకుండా చంపారు. అన్నిటికీ మించి, బ్రిటన్‌లో నివసిస్తున్న రువాండా జాతీయులను చంపడానికి వారి సొంత ప్రభుత్వమే పథకం వేస్తోందని 2011లో లండన్ పోలీసులే వారిని హెచ్చరించవలసి వచ్చింది. ఇవన్నీ ఎప్పటికీ మారవని కోర్టు అనలేదు. మార్పులు జరగవచ్చు, ఇంకా జరిగినట్టు రుజువు లేదు అన్నది అంతే.

తీర్పు వచ్చిన ఇరవై రోజులకు హోం మంత్రి జేమ్స్ క్లెవర్లీ రువాండా రాజధాని కిగాలీ వెళ్లి కొత్త ఒప్పందంపై సంతకం చేసి వచ్చారు. ఇరవై రోజుల్లో ఒక దేశపు పోలీసు, న్యాయ, శరణార్థి వ్యవస్థలు మారిపోవడం కష్టమని ఎవరైనా అనుమానించవచ్చు గనుక, ఆ అనుమానమే చెల్లకుండా వెనువెంటనే బిల్లు వచ్చింది. బ్రిటన్‌లో 1998 నాటి మానవ హక్కుల చట్టం ప్రకారం బిల్లు తెచ్చే మంత్రి అది మానవ హక్కులకు అనుగుణంగా ఉందని దాని ముఖపత్రం మీద రాయాలి, లేదా అలా రాయలేకపోతున్నానని రాయాలి. క్లెవర్లీ రెండోది రాశారు. రువాండాలో మనిషికి భద్రత ఉందని నిశ్చయంగా ప్రకటించే బిల్లు, తన భద్రత మీద తనకు నమ్మకం లేదని మొదటి పుటలోనే చెప్పుకుంది. వైద్యుడు చీటీ మీద మందు పేరుకు ముందు తన సందేహం రాసి ఇచ్చినట్టుగా ఉన్న ఈ పత్రాన్ని కామన్స్ సభ నిండు మనసుతో ఆమోదించింది. వలస వ్యవహారాల మంత్రి రాబర్ట్ జెన్రిక్ మాత్రం బిల్లు ఇంకా చాలినంత కఠినంగా లేదని రాజీనామా చేశారు. డోవర్ దగ్గర ఒంటరిగా దిగిన పిల్లలను చేర్చే కేంద్రంలో గోడల మీది మిక్కీ మౌస్ బొమ్మలు మరీ ఆప్యాయంగా ఉన్నాయని రంగు వేయించింది కూడా ఆయనే, కనుక ఆ రాజీనామాలో ఆశ్చర్యమేమీ లేదు.

దీనికంతటికీ శాస్త్రాధారం పార్లమెంటు సార్వభౌమత్వం, అంటే పార్లమెంటు ఏ చట్టమైనా చేయగలదు, దాన్ని కొట్టివేసే అధికారం ఏ కోర్టుకూ లేదన్న సిద్ధాంతం. ప్యారిస్ వీధుల్లో పొగ తాగడం నేరమని బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేస్తే అదీ చట్టమే అవుతుందని ఐవర్ జెన్నింగ్స్ అనే రాజ్యాంగ పండితుడు ఉదాహరణ చెప్పాడు. పాపం, ఆయన సిద్ధాంతం అంచు ఎక్కడో చూపడానికి ఆ మాట అన్నాడు. ఏలినవారు దాన్ని కార్యక్రమంగా తీసుకున్నారు. ప్యారిస్‌లో పొగ తాగితే నేరమనడం వేరు, ప్యారిస్‌లో ఎవరూ పొగ తాగడం లేదని అనడం వేరు. జెన్నింగ్స్ మొదటిదాని దగ్గర ఆగాడు, ప్రధాని రిషి సునాక్ ప్రభుత్వం రెండోదాని దాకా వెళ్లింది.

శరణు అనే మాట తెలుగువారికి జెనీవా నేర్పినది కాదు. రామాయణంలో విభీషణుడు సముద్రం దాటి, ఏ అనుమతి పత్రమూ లేకుండా, శత్రుదేశం నుంచి వచ్చి నలుగురు అనుచరులతో ఆకాశంలో నిలిచినప్పుడు, ఇతడు గూఢచారి, పట్టి బంధించాలని సుగ్రీవుడు పట్టుబట్టాడు. నేటి భాషలో సుగ్రీవుడిని హోం మంత్రి అనవచ్చు. భద్రత గురించి ఆయన అడిగిన ప్రశ్నలు తప్పు కూడా కావు. అయినా వచ్చినవాడు ఎలా వచ్చాడన్నది అక్కడ తీర్పుకు ఆధారం కాలేదు. 1951 ఒడంబడిక 31వ అధికరణం కూడా కొన్ని షరతులతో ఇదే చెబుతుంది: ప్రాణభయంతో నేరుగా వచ్చి వెంటనే అధికారుల ముందు నిలిచినవారిని, అక్రమంగా ప్రవేశించారన్న కారణంతో శిక్షించరాదు. బ్రిటన్ ప్రభుత్వాలు ‘సురక్షితమైన, చట్టబద్ధమైన మార్గాల్లో’ రమ్మని పదేపదే హితవు చెబుతాయి. శరణు కోరాలంటే బ్రిటన్ గడ్డ మీద ఉండాలి. శరణు కోరడానికి బ్రిటన్ రావాలంటే అందుకొక వీసా అంటూ లేదు. కొన్ని దేశాలవారికి తెరిచిన ప్రత్యేక పథకాలను మినహాయిస్తే, చట్టబద్ధమైన ఆ మార్గం ఆకాశంలో నిలబడడమే, అదీ విభీషణుడికి సాధ్యమైంది. దారుల్లో తేడాలు పెట్టడం మాత్రం సామ్రాజ్యానికి కొత్త కాదు. 1942లో జపాను సేన బర్మాలోకి చొచ్చుకువస్తే కొండలు, అడవులు దాటి కాలినడకన బయలుదేరిన లక్షలాది భారతీయుల్లో రంగూన్ రేవులో కూలి చేసుకునే తెలుగువారూ ఉన్నారు. మంచి దారి తెల్లవారికి, చెడ్డ దారి నల్లవారికి కేటాయించారన్న ఆరోపణ ఆనాడే వచ్చింది.

ఈ పథకాన్ని మోసిన మంత్రుల వంశవృక్షాలు చూస్తే కథ మరింత రక్తి కడుతుంది. మొదటి ఒప్పందంపై సంతకం చేసిన ప్రీతి పటేల్ తల్లిదండ్రులు ఉగాండా నుంచి, తరువాతి హోం మంత్రి సుయెల్లా బ్రేవర్మన్ తల్లిదండ్రులు మారిషస్, కెన్యాల నుంచి, సునాక్ తల్లిదండ్రులు తూర్పు ఆఫ్రికా నుంచి బ్రిటన్ చేరినవారు. వారెవరూ శరణార్థులుగా రాలేదన్నది నిజమే, దాన్ని దాచడం న్యాయం కాదు. కానీ వారి తోటివారికి ఏమైందో గుర్తుండవలసింది. 1968లో కెన్యా భారతీయులు తమ బ్రిటిష్ పాస్‌పోర్టులతో రావడం మొదలుపెడితే, ఆ పాస్‌పోర్టులకు విలువ లేకుండా చేసే చట్టాన్ని పార్లమెంటు మూడు రోజుల్లో ముగించింది. 1972లో ఇదీ అమీన్ తొంభై రోజుల గడువిచ్చి ఉగాండా ఆసియన్లను వెళ్లగొట్టినప్పుడు, లెస్టర్ నగరపాలక సంస్థ ఉగాండా పత్రికలో డబ్బిచ్చి మరీ ప్రకటన వేయించింది, దయచేసి మా ఊరికి రావద్దని. ఎడ్వర్డ్ హీత్ ప్రభుత్వం మాత్రం విమర్శలకు వెరవకుండా 27,000 మందికి పైగా చేర్చుకుంది. వారిలో చాలామంది ప్రకటన చదివి కూడా లెస్టర్‌కే వెళ్లారు. భారతదేశం బయట జరిగే అతి పెద్ద దీపావళి వేడుకల్లో తమదొకటని ఆ నగరపాలక సంస్థే ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటుంది. హీత్ కన్సర్వేటివ్ పార్టీ ప్రధాని అన్న సంగతి ఆ పార్టీవారికి ఎవరైనా గుర్తుచేయాలి.

ఒప్పందంలో ఎవరూ పెద్దగా చదవని నిబంధన ఒకటుంది. రువాండాలో ఉన్న శరణార్థుల్లో అత్యంత దుర్బలులైన కొందరిని బ్రిటన్ తన దేశానికి తెచ్చుకుని స్థిరనివాసం కల్పిస్తుందని దాని అర్థం. అంటే బ్రిటన్ శరణార్థులకు రువాండా సురక్షితం, రువాండా శరణార్థులకు బ్రిటన్ అవసరం. ఇదే కాలంలో బ్రిటన్ హోం శాఖ, తమ దేశంలో హింస ఉందని చెప్పుకున్న కొందరు రువాండా పౌరులకు శరణార్థి హోదా ఇచ్చింది కూడా. కుడిచేతి కుందేటికి మూడు కాళ్లు, ఎడమచేతి కుందేటికి నాలుగు.

బిల్లు గట్టెక్కిన రోజునే, పది నుంచి పన్నెండు వారాల్లో విమానం లేస్తుందని సునాక్ మాట ఇచ్చారు. సరిగ్గా పది వారాల మూడు రోజులకు, 2024 జులై 4న, ఆయన ప్రభుత్వమే ఎన్నికల్లో ఓడిపోయింది. మానవ హక్కుల న్యాయవాదిగా పేరు తెచ్చుకుని ప్రధాని అయిన కీర్ స్టార్మర్ పథకానికి కర్మకాండ జరిపించారు; హోం మంత్రి ఇవెట్ కూపర్ పార్లమెంటు ముందు లెక్క పెట్టారు. ఖర్చు 70 కోట్ల పౌండ్లు. అందులో రువాండాకు ముట్టినవి 29 కోట్లు. మిగతాది లేవని విమానాలకు, నిర్బంధించి మళ్లీ వదిలేసిన మనుషులకు, ఈ పని మీద కూర్చున్న వెయ్యి మందికి పైగా ఉద్యోగులకు అయింది. వెళ్లినవారు నలుగురు. ఆ నలుగురినీ చట్టం పంపలేదు, స్వచ్ఛందంగా పోతే 3,000 పౌండ్ల దాకా ఇస్తామంటే వెళ్లారు. తలకు పదిహేడున్నర కోట్ల పౌండ్లు పడిందన్నమాట. విభీషణుడి వెంట వచ్చినవారూ నలుగురే గానీ, ఆ లెక్కలో ఖజానాకు ఖర్చు లేదు. మనుషులు రాకపోతే డబ్బు తిరిగి ఇవ్వవచ్చని 2024 జనవరిలో అన్నవారు రువాండా అధ్యక్షుడు పాల్ కగామే. జులైలో అడిగేసరికి, అలాంటి షరతేదీ ఒప్పందంలో లేదని ఆయన ప్రభుత్వం చెప్పింది. అది నిజమే, సంతకం చేసేముందు చదువుకోవలసింది.

రువాండా భద్రత చట్టాన్ని 2025లో పార్లమెంటు రద్దు చేసింది. దానితో రువాండాలో భద్రత పోయిందా, రాకముందు నుంచీ లేదా అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. ఈలోగా మరొక పని జరిగింది, ఇది లండన్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఉన్న తెలుగు పాఠకులు తెలుసుకోదగినది. 2023 నవంబర్‌లో ప్రకటించి, మరుసటి ఏడు నిబంధనలు జారీ చేసి, బ్రిటన్ తన సురక్షిత దేశాల జాబితాలో రెండు పేర్లు చేర్చింది; ఆ దేశాలవారు శరణు కోరితే, అసాధారణ పరిస్థితులు ఉంటే తప్ప, ఆ మొర వినే పనే ఉండకూడదన్నది దాని ఉద్దేశం. చేర్చిన పేర్లలో ఒకటి జార్జియా, రెండోది భారతదేశం. రువాండా చట్టాన్ని రద్దు చేసినవారు ఈ జాబితా జోలికి పోలేదు.