ఉండనీ మావయ్య

ఏలూరు పవర్‌పేటలో కావచ్చు, కైకలూరులో చేపల మేత అమ్మే కొట్లో కావచ్చు, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కావచ్చు, ఈ మావయ్య లేని చోటుండదు. పొద్దున్నే కంప్యూటరు ఆన్ చేస్తే తెర మీద రెండు పేర్లు: విండోస్ 10, విండోస్ 7. ఏడున్న డ్రైవును సర్వీసు కుర్రాడు ఎప్పుడో ఫార్మాట్ కొట్టేశాడు, పేరు మాత్రం మిగిలింది. ఏది కావాలో చెప్పమని యంత్రం 30 సెకన్లు కాచుక్కూర్చుంటుంది. ఎంటర్ నొక్కితే చాలని తెలిసినా మావయ్య నొక్కడు. గల్లాపెట్టెకి అగరొత్తి తిప్పి, అదే చేత్తో తెరకీ తిప్పి, అది దానంతటదే తెరుచుకున్నాక, ‘మా సిస్టమ్ స్లో అండీ’ అంటాడు.

ఇదంతా తెలియనితనమని చాలామంది అంటారు. నేనొప్పుకోను. జీఎస్టీ రిటర్ను పద్ధతి మారిస్తే వారంలో ఒంటబట్టించుకున్న మనిషికి ఇదో లెక్కా? అసలు సంగతి, తీసేయడమంటే ఒకరు పూనుకుని చెయ్యాలి. రేపేదైనా తేడా వస్తే ‘ఎవరు తీశారు?’ అని అడుగుతారు. ఉంచేస్తే ఆ గొడవ లేదు, ‘ఎవరు ఉంచారు?’ అని ఏ ఇంట్లోనూ, ఏ ఆఫీసులోనూ అడిగినవాళ్లు లేరు. డేటా పోతుందన్న భయం కూడా ఉంటుంది కదా అంటే, లైనక్స్ పక్కనున్న మిషన్లో గ్రబ్ సంగతి చూసుకోకుండా పార్టిషన్ లేపేసి నల్లతెర ముందు బిక్కమొహం వేసినవాళ్లున్న మాట నిజమే. మావయ్య దగ్గర లైనక్స్ లేదు. రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టి, బూట్ ట్యాబులో పాత పేరు ఎంచుకుని డిలీట్ నొక్కితే అయిపోయె. గుమ్మం మీది పేరుపలక ఊడదీస్తే ఇల్లు కూలదు. పైగా, నడుస్తున్న విండోస్‌నే పొరపాటున ఎంచుకుంటే డిలీట్ మీట పనే చెయ్యదు.

అప్పుడు మావయ్య కొల్లేరును లాక్కొస్తాడు. ‘2006లో చెరువు గట్లు కొట్టేశారు. మళ్లీ లేచాయా లేదా? తీసినంత మాత్రాన పోతుందేంటండీ?’ గట్టి వాదనే. కాకపోతే గట్టు వేస్తే చేపలొస్తాయి, చేపలొస్తే డబ్బొస్తుంది, అందుకని లేచింది. విండోస్ 7 పేరు వల్ల ఎవరికేమొస్తుందని మళ్లీ మొలుస్తుంది?

ఆయన్ని మరీ తప్పుపట్టడానికీ మనసొప్పదు. గూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వేని చూపించి ‘ఎప్పటికైనా విమానం దిగుతుందండీ’ అనేవాళ్ల మధ్య పెరిగిన మనిషి. 2022 ఏప్రిల్ 4న ఏలూరు వేరే జిల్లా అయినా, ఏలూరులోనే కూర్చుని ‘మాది వెస్ట్ గోదావరండీ’ అనే నోరది. అలాంటి చోట, 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ చేతులు దులుపుకున్న విండోస్ 7 ఏ మూలకి బరువు? పదికీ 2025 అక్టోబరు 14తో గడువు తీరింది. రేపు కుర్రాడొచ్చి ఇంకో డ్రైవులో 11 వేసి వెళ్తే, కొట్టుకొచ్చినవాళ్లకి తెర చూపించి, ‘మూడు రకాలూ ఉన్నాయండీ మన దగ్గర’ అంటాడు.